దత్త మండలాల్లో లిబర్టీ: మన్రో నుంచి గాడిచర్ల దాకా

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరెత్తగానే మన దగ్గర వాదన రెండుగా చీలుతుంది. తొలి స్వాతంత్ర్య సమరయోధుడని కొందరంటారు. పింఛను కోసం తిరగబడ్డ పాలెగాడు, అంతకుమించి ఏముందని ఇంకొందరు ఎద్దేవా చేస్తారు. టీకొట్టు దగ్గర మొదలైన మాట ఫేస్‌బుక్‌లో బూతుల దాకా పోవడం మామూలే. నా మటుకు నాకు ఇద్దరి లెక్కా ఒకచోటే తప్పుతున్నట్టు కనిపిస్తుంది. తెల్లవాడి మీద కత్తి ఎత్తిన ప్రతివాడూ స్వేచ్ఛ కోసమే ఎత్తాడని, ఆ స్వేచ్ఛ మన రాజ్యాంగంలో రాసుకున్నదేనని ఇద్దరూ ముందే అనేసుకుంటున్నారు. ఆ కొలతకు నిలబడితే హీరో, నిలబడకపోతే స్వార్థపరుడు.

ఆ కొలత ఎక్కడిదో చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి హక్కు, పత్రికా స్వేచ్ఛ, చట్టం ముందు సమానత్వం అనే మాటలకు పుస్తకాల్లో ఒక రూపం ఇచ్చింది ఇంగ్లండు, స్కాట్లండు రచయితలు. మనకు కలెక్టర్లు దిగింది కూడా అక్కణ్ణుంచే. ఒకే దేశం స్వేచ్ఛ మీద పుస్తకాలు అచ్చేస్తూ, ఇంకో చేత్తో కోయిలకుంట్లలో నరసింహారెడ్డికి ఉరికొయ్య నాటింది. దీన్ని వట్టి కపటం అని కొట్టిపారేయడం తేలిక. కపటం ఉంది, కాదనను. కానీ ఆ రచయితల్లోనే కొందరు సామ్రాజ్యాన్ని కడిగిపారేశారు, కొందరు దానికి సిద్ధాంతం కట్టిపెట్టారు, ఒకాయన మాత్రం ఈ రెండూ ఒక ఒరలో ఇమడవని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాడు. ఆ ఒకాయన మన కలెక్టరు థామస్ మన్రోనే.

ముందు ఈ స్వేచ్ఛావాద (లిబరల్) సిద్ధాంతాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. మనిషి ప్రాణం, దేహం, కష్టపడి సంపాదించుకున్న ఆస్తి అతనివి. వాటిని కాపాడ్డానికే ప్రభుత్వం. పాలించేవాడికి పాలితుల సమ్మతి ఉండాలి. అనుకున్నది మాట్లాడే, రాసే హక్కు ఉండాలి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య సర్కారు వేలు పెట్టకూడదు. ప్రభుత్వం మాట తప్పితే జనం ఎదురుతిరగవచ్చని 17వ శతాబ్దం చివర్లోనే జాన్ లాక్ రాశాడు. అమెరికాలోని ఇంగ్లీషు వలసల జనం ఆ మాట పట్టుకునే 1776లో రాజును కాదన్నారు. అంతకు మూడేళ్ల ముందు బోస్టన్ రేవులో వాళ్లు సముద్రంలో పారబోసిన తేయాకు ఎవరిదో కాదు, ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ మరో పాతికేళ్లు గడిచేసరికి అనంతపురం, కడప రైతుల దగ్గర శిస్తు వసూలు చేస్తోంది.

ఎలా వచ్చింది? టిప్పుతో 1792, 1799 యుద్ధాల తర్వాత తన వాటాకు వచ్చిన సీమ ప్రాంతాలను నిజాం 1800లో కంపెనీకి రాసిచ్చేశాడు. తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద చెల్లు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం అలా చేతులు మారాయి. వీటికే దత్త మండలాలని పేరు. కర్నూలు కోట మాత్రం నవాబు కింద 1839 దాకా మిగిలింది. ఆ ఏడు ఆయుధాలు దాచాడన్న నెపం మీద నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించేసి దాన్నీ కలిపేసుకున్నారు. పాలితుల సమ్మతి అనే మాట ఈ బేరాల్లో ఎక్కడా రాలేదని వేరే చెప్పనక్కర్లేదు.

కోయిలకుంట్ల ఖజానా

నరసింహారెడ్డికి నెలకు ముట్టే పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి అతను మనవడు. పాలెం, అంటే ఆ ఏలుబడి, పోయింది, పింఛను మిగిలింది. నొస్సం కుటుంబంలో ఆ పింఛను తింటున్న చివరి వారసులు పోయాక అందులో తన వాటా అడిగితే సర్కారు కుదరదంది. అదే రోజుల్లో కట్టుబడి ఇనాములను కూడా సర్కారు వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. కట్టుబడి అంటే ఊరి కాపలా చూసుకునే బంట్రోతు. ఆ పనికి జీతం బదులు కొంత పొలం, దానిమీద నామమాత్రం పన్ను. పొలం పోతే కూడూ పోతుంది, ఊళ్లో ఉన్న పరువూ పోతుంది. 1846 జూలైలో నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డప్పుడు వెనక నడిచినవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది. గిద్దలూరు దగ్గర కంపెనీ దళంతో తలపడ్డారు. అక్టోబరులో పేరుసోముల కొండల్లో అతను దొరికిపోయాడు. 1847 ఫిబ్రవరి 22న జనం చూస్తుండగా కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కోట మీద కట్టి 1877 దాకా దించలేదు. అప్పటి కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది, తర్వాత కర్నూలుకు వచ్చింది, ఇప్పుడు నంద్యాల జిల్లా.

ఇప్పుడు ఇతన్ని ఏ గంపలో వెయ్యాలి? అతను అడిగింది వంశపారంపర్యంగా వచ్చిన హక్కు. మనుషులందరూ సమానమని అతను ఎక్కడా అనలేదు, ఆ కాలపు పాలెగాడి నుంచి ఆ మాట ఆశించడం కూడా అన్యాయం. పాలెగాళ్ల ఏలుబడి రైతుకు స్వర్గమేమీ కాదు. వాళ్లూ వసూళ్లు చేశారు, వాళ్లలో వాళ్లు కొట్టుకుంటే తగలబడింది ఊళ్లే. ఆనాటి రచయిత జేమ్స్ మిల్ లాంటి లిబరల్‌ను అడిగితే ఇలాంటి దొరలను ఊడ్చేసినప్పుడే రైతుకు స్వేచ్ఛ అని తడుముకోకుండా చెప్పేవాడు.

అయితే అదే లిబరల్ కోవలో ఇంకో ముసలాయన ఉన్నాడు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్. తరతరాలుగా అనుభవంలో ఉన్న హక్కును కలం పోటుతో కొట్టేసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదని, స్వేచ్ఛ నిలబడేది ఆ పాత హక్కుల మీదేనని అతని వాదన. బెంగాల్ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ను అతను పార్లమెంటు ముందు నిందితుడిగా నిలబెట్టింది ఈ ధోరణిలోనే. ఆ విచారణ 1788లో మొదలై ఏడేళ్లు సాగి, చివరికి హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడు. 1785లో ఆర్కాటు నవాబు అప్పుల మీద మాట్లాడుతూ బర్క్ కర్ణాటక ప్రాంతపు చెరువుల గురించి చెప్పిన ముక్క మాత్రం సీమవాళ్లు వినదగ్గది. అక్కడ పెద్దవీ మధ్యరకానివీ కలిపి పదివేలకు తగ్గకుండా చెరువులున్నాయని, వాటిని తవ్వించిన రాజులు జనానికి తండ్రుల్లాంటివాళ్లని, అప్పుల వసూలు పిచ్చిలో పడి ఆ చెరువులను గాలికి వదిలేస్తున్నారని నిలదీశాడు. మన దేశంలో అడుగైనా పెట్టని మనిషి.

బర్క్ తక్కెడలో పెడితే నరసింహారెడ్డి హక్కు కోల్పోయిన బాధితుడు. లాక్ తక్కెడలో పెడితే అంత బరువు తూగడు, ఎందుకంటే పింఛను అతని కష్టార్జితం కాదు. కానీ అతని వెనక నడిచిన కట్టుబడి బంట్రోతు సంగతి వేరు. రాత్రిళ్లు ఊరు కాసి, దానికి బదులుగా వచ్చిన పొలం దున్నుకుని బతుకుతున్న మనిషి అతను. ఆ పొలం లాక్కున్న ప్రభుత్వం మీద తిరగబడవచ్చా అంటే లాక్ సైతం అడ్డు చెప్పలేడు. ఆ గుంపులో లిబరల్ సిద్ధాంతానికి అందరికన్నా దగ్గరగా నిలబడ్డవాడు పేరు మిగలని ఆ బంట్రోతే. మన వాదనల్లో అతని ఊసే రాదు.

మన్రో మంచివాడే, మరి శిస్తు?

థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రధాన కలెక్టరు. గ్లాస్గోలో పుట్టి పెరిగిన సైనికుడు. వచ్చీరాగానే 80 మంది దాకా పాలెగాళ్లను అణిచేశాడు. తర్వాత రైతుకూ సర్కారుకూ మధ్య దళారీ లేకుండా నేరుగా రైతు పేరనే పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతిని ఈ నేల మీదే నిలబెట్టాడు. జనం అతన్ని మాండవ ఋషి అన్నారు. తిరుమలలో మన్రో గంగాళం ఉంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనితో మాట్లాడారని చెబుతారు. గండిలో పాపాఘ్ని మీద బంగారు తోరణం అతని కంట పడిందని, అది కనిపించినవాడు ఎక్కువకాలం బతకడని కడప వైపు కథ. 1827 జూలైలో గవర్నరు హోదాలో సీమకు వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడన్నది మాత్రం చరిత్ర. తెల్లదొరను ఇంతగా సొంతం చేసుకున్న ప్రాంతం ఇంకోటి ఉందో లేదో.

కాగితం మీద చూస్తే రైత్వారీ అచ్చం లిబరల్ పథకం. జమీందారు లేడు, పాలెగాడు లేడు, ఎవడి పొలానికి వాడే జవాబుదారీ. పొలం దగ్గరికి వస్తే వేరే కథ. సర్వే చేసి కట్టిన శిస్తు దిగుబడిలో సుమారు 45 శాతం. ఇది రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించి మూడో వంతుకు తెద్దామని మన్రో 1807లో రాశాడు. పైవాళ్లు వినలేదు. మధ్యలో ఊళ్లకు ఊళ్లు కౌలుకిచ్చే పద్ధతి పెట్టి చేతులు కాల్చుకున్నారు. మన్రో 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. వాన పడితే పంట, లేకపోతే లేదు అన్న మెట్ట భూముల్లో దిగుబడిలో మూడో వంతు కూడా మాటలు కాదు.

ఇంత శిస్తుకు కూడా లండన్‌లో సిద్ధాంతం తయారుగా ఉంది. ఆర్థికవేత్త రికార్డో చెప్పిన కౌలు సూత్రాన్ని పట్టుకుని, సాగు ఖర్చూ మామూలు లాభమూ పోను భూమి మీద మిగిలేదంతా రాజ్యానికి చెందాలని జేమ్స్ మిల్ వాదించాడు. అతను కంపెనీ లండన్ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. పరాన్నజీవి జమీందారును లేపేస్తున్నామని అతని సంతోషం. ఇంగ్లండు జమీందారు మీద పెట్టాల్సిన కోపమంతా వచ్చి మన రైతు నెత్తిన పడింది.

దీని ఫలితం 1855లో నివేదికగా బయటికొచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసలు జరుగుతున్నాయని పార్లమెంటులో గొడవైతే ముగ్గురితో కమిషన్ వేశారు. శిస్తు బకాయి పడ్డ రైతును ఏం చేస్తారో ఆ నివేదికలో వివరంగా ఉంది. కిట్టి అని రెండు కర్రముక్కలు, వాటి మధ్య వేళ్లు పెట్టి బిగించడం. మెడను కాళ్ల దాకా వంచి తాడుతో కట్టి ఎండలో వదిలేయడం, వీపు మీద రాయి పెట్టడం. ఇదంతా కింది స్థాయి దేశీ ఉద్యోగుల నిర్వాకమని, తెల్ల అధికారులు దీన్ని ఒప్పుకోరని కమిషన్ తేల్చింది. పైనుంచి ఇంత వసూలు కావాలని తాఖీదు పంపి, కింద తహసీల్దారు కచేరిలో ఏం జరుగుతుందో మాకు తెలియదంటే సరిపోతుందా? దేహం నీదే, ఆస్తి నీదే అన్న సిద్ధాంతం కచేరి గడప దగ్గరే ఆగిపోయింది.

పత్రికలొద్దు అన్న నిజాయితీ

మన్రో దగ్గర నన్ను ఎప్పుడూ ఆపేసేది శిస్తు లెక్కలు కాదు, 1822 ఏప్రిల్‌లో పత్రికా స్వేచ్ఛ మీద అతను రాసిన నోటు. కలకత్తాలో అప్పుడే పత్రికలకు కాస్త వెసులుబాటు దొరుకుతోంది. మద్రాసు గవర్నరుగా మన్రో దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అతని వాదనలో వంకరటింకరలేమీ లేవు: స్వేచ్ఛ గల పత్రిక, పరాయివాళ్ల ఏలుబడి కలిసి ఎక్కువకాలం బతకవు. ఎందుకంటే స్వేచ్ఛ గల పత్రికకు మొదటి పని ఏమిటి, పరాయి కాడి కింద నుంచి దేశాన్ని విడిపించడమే కదా. కాబట్టి ఇక్కడ పత్రికలను వదలకూడదు.

ఇందులో భారతీయులకు చేతకాదన్న మాట లేదు. పత్రికలు వాళ్ల చేతికొస్తే ఏం చేస్తారో అతనికి బాగా తెలుసు, చెయ్యడం న్యాయమేనని కూడా తెలుసు, అందుకే వద్దన్నాడు. రెండేళ్ల తర్వాత 1824 చివరి రోజున రాసిన ఇంకో నోటులో ఇంకాస్త ముందుకెళ్లాడు. దేశీయులను పెద్ద ఉద్యోగాల నుంచి దూరంగా ఉంచి ఒక జాతి మొత్తాన్ని దిగజార్చడం కన్నా మనల్ని ఈ దేశం నుంచి తరిమేయడమే మేలన్నాడు. ఏదో ఒకనాడు వీళ్లు తమ ప్రభుత్వాన్ని తామే నడుపుకునే రోజు వస్తుందని, అప్పటిదాకా మనం ఉండాలని కూడా అన్నాడు. ఆ రోజు ఎప్పుడొస్తుందో, వచ్చిందని ఎవరు చెప్పాలో మాత్రం రాయలేదు.

ఆ ఖాళీని సిద్ధాంతంతో పూడ్చినవాడు జాన్ స్టువర్ట్ మిల్, జేమ్స్ మిల్ కొడుకు. లిబరల్ ఆలోచనకు మకుటం లాంటి ‘ఆన్ లిబర్టీ’ 1859లో వచ్చింది. ఇంకొకరికి హాని చెయ్యనంతవరకు మనిషి జోలికి సమాజం పోకూడదన్న సూత్రం అందులోదే. ఆ సూత్రం చెప్పిన కాసేపటికే మినహాయింపు కూడా చెప్పేశాడు. ఇది పిల్లలకు వర్తించదు, వెనకబడిన సమాజాలకూ వర్తించదు. వాళ్లను బాగుచెయ్యడమే ఉద్దేశమైతే నిరంకుశ పాలన కూడా న్యాయమే. అలాంటివాళ్లకు అక్బరో, ఐరోపా చక్రవర్తి షార్లమేనో దొరికితే అదే అదృష్టం. ఈ పుస్తకం రాసిన మనిషి 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. కోయిలకుంట్ల కోట మీద తల వేలాడుతున్న పదకొండేళ్లూ అతని జీతం ఆ కంపెనీదే.

మన్రో "కుదరదు" అన్నచోట మిల్ "ఇప్పుడే కాదు" అన్నాడు. వినడానికి రెండోది మర్యాదగా ఉంటుంది. నాకు మాత్రం మొదటిదే నయమనిపిస్తుంది. కుదరదన్నవాడితో కొట్లాడవచ్చు. ఇంకా ఎదగలేదన్నవాడికి ఏమని రుజువు చూపిస్తాం? ఏది రుజువో తేల్చేది కూడా అతనే.

అప్పటి గవర్నర్ జనరల్ కౌన్సిలులో న్యాయ సభ్యుడు మెకాలే గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. 1835లో పత్రికలకు లైసెన్సుల బాధ తప్పించిన చట్టం అతని చేతి మీదుగా వచ్చింది. రెండేళ్లకు అతనే తయారుచేసిన శిక్షాస్మృతి ముసాయిదాలో ప్రభుత్వం మీద అసంతృప్తి రెచ్చగొట్టడం నేరమన్న సెక్షను ఉంది. 1860 నాటి చట్టంలో అది జారిపోతే, 1870లో 124ఎ పేరుతో తెచ్చి కలిపారు. తలుపు తీసినవాడే గడియ కూడా చేయించి పెట్టాడు.

ధాత కరువులో స్వేచ్ఛా వాణిజ్యం

1876లో వానలు ఎగ్గొట్టాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి జనం దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ గుట్టుగా ఒక వర్తక సంస్థ ద్వారా 30 వేల టన్నుల ధాన్యం కొనిపించాడు. సంగతి తెలిసి వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం మందలించింది. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదు, ధర పెరిగితే సరుకు దానంతటదే వస్తుంది. ఆడం స్మిత్ చెప్పలేదా?

చెప్పాడు. కరువు సాయానికి ప్రభుత్వాలు వ్యాపారం మీద బలప్రయోగం చెయ్యడమే గింజల కొరతను క్షామంగా మారుస్తుందని 1776లో ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ పుస్తకంలో రాశాడు. 1770 బెంగాల్ కరువు దగ్గర కంపెనీ ఉద్యోగులు బియ్యం వ్యాపారానికి పెట్టిన అడ్డంకులను వేలెత్తి చూపాడు. కానీ అదే పుస్తకంలో, వర్తకుల గుత్త కంపెనీ చేతిలో ఉన్న ప్రభుత్వం బహుశా ఏ దేశానికైనా అన్ని ప్రభుత్వాల్లోకీ నీచమైనదని కూడా రాశాడు. లిట్టన్ మొదటి పేజీ చదివి రెండోది వదిలేశాడు. పైగా స్మిత్ సూత్రం పనిచెయ్యాలంటే కొనేవాడి చేతిలో డబ్బుండాలి. పంట పోయి, పని పోయి, ఎడ్లు చచ్చిపోయిన ఆదోని, పత్తికొండ రైతు బజారుకు ఏం పట్టుకెళ్లి ధాన్యం తెచ్చుకుంటాడు? డబ్బు లేని ఆకలి బజారుకు కనిపించదు. రైలు పట్టాల మీద ధాన్యం కదిలింది నిజమే, ధర ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి.

1877 జనవరిలో వైస్రాయి పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి సహాయ పనుల కూలిని కోసేశాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, పైన అర అణా. అంటే అర కేజీకి తక్కువ గింజల మీద రాళ్లు కొట్టాలి. ఇది మనిషిని నిలబెట్టే తిండి కాదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ లెక్కలతో ఎదురుతిరిగాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచక తప్పలేదు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. చావులూ ఉన్నాయి, వలసలూ ఉన్నాయి.

ఈ స్వేచ్ఛా వాణిజ్యం అందరికీ ఒకేలా ఉందా అంటే అదీ లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డకట్ట వేసి కర్నూలు-కడప (కె.సి.) కాలువ తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. దాని పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఐదు శాతం రాబడి ఇస్తామని సర్కారు ముందే హామీ రాసిచ్చింది. కాలువ పారినా పారకపోయినా లండన్ వాటాదారుకు వడ్డీ ముట్టాలి, కట్టేది ఇక్కడి ఖజానా. చివరికి 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది. రైతు ఆకలి దగ్గర బజారు నియమం, వాటాదారు దగ్గర సర్కారు పూచీ.

కర్నూలు కుర్రాడి సంపాదకీయం

మన్రో భయపడ్డ పత్రిక 86 ఏళ్లకు వచ్చింది. నడిపినవారు కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఎం.ఏ. చదివి రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో ఉండగా 1907లో వందేమాతరం గొడవలో బయటికి పంపించారు. మరుసటి ఏడు బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక మొదలుపెట్టారు.

అదే సమయంలో దక్షిణాన ఒక తమాషా జరిగింది. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి కొలంబోకు ఓడలు తిప్పాడు. పోటీ తట్టుకోలేని బ్రిటిష్ ఓడల కంపెనీ టికెట్ ధరలు పాతాళానికి దించింది. అధికారులు ఆ కంపెనీ వైపే నిలిచారు. స్వేచ్ఛా వాణిజ్యమని నిన్నటిదాకా కరువులో కూడా పాఠం చెప్పిన ప్రభుత్వమే ఇది. 1908 మార్చిలో పిళ్లైని అరెస్టు చేస్తే తిరునల్వేలిలో జనం రోడ్డెక్కారు, కాల్పుల్లో కొందరు చనిపోయారు. ఫిరంగీని, అంటే తెల్లవాణ్ణి, క్రూరమైన పులిగా పిలుస్తూ గాడిచర్ల పత్రిక నిప్పులు చెరిగింది. 124ఎ కింద కేసు పెట్టారు. ఆయన మూడేళ్లు వేలూరు జైల్లో గడిపారు.

ఇక్కడే నరసింహారెడ్డికీ గాడిచర్లకూ తేడా కనిపిస్తుంది. నరసింహారెడ్డి పాత హక్కును అడిగాడు. గాడిచర్ల పాలకుల సిద్ధాంతాన్నే వాళ్ల ముందు పరిచి లెక్క చెప్పమన్నారు. ఆయనకు ముందు దాదాభాయి నౌరోజీ చేసింది కూడా అదే, కాకపోతే మెత్తగా. 1892లో లిబరల్ పార్టీ తరఫున బ్రిటిష్ పార్లమెంటుకే ఎన్నికై, భారతదేశంలో సాగుతున్నది బ్రిటిష్ విలువలకు తగని పాలనని, దేశ సంపద తరలిపోతోందని అంకెలు పెట్టి చెప్పారు. ఆ అంకెలతో ఎవరూ సిగ్గుపడలేదు. తర్వాతి తరం కుర్రాళ్లు ఓపిక చాలించుకుని గొంతు పెంచారు. మన్రో జోస్యం అక్షరాలా నిజమైంది. జైలు నుంచి వచ్చాక గాడిచర్ల గ్రంథాలయ ఉద్యమంలో, వయోజన విద్యలో జీవితమంతా పెట్టారు. పత్రిక నోరు కట్టేస్తే చదివేవాళ్లనే పెంచుకుంటూ పోయారన్నమాట.

అయితే చదువుకున్నవాళ్ల పోరాటంలో అందరూ ఇమడలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో గొడ్డు మేపినా రుసుము, కట్టె కొట్టినా కేసు. 1921 సహాయ నిరాకరణ రోజుల్లో కడప జిల్లా రాయచోటి తాలూకాలో జనం రుసుము కట్టకుండా పశువులను రిజర్వు అడవిలోకి తోలారు. వాళ్లకు లాక్ తెలియదు, తిలక్ కూడా వినికిడే. వాళ్లు అడిగింది ఊరుమ్మడి హక్కు, అదేమో వ్యక్తి ఆస్తి అన్న లిబరల్ చట్రంలో పట్టదు. ఇక నేరస్థ తెగల చట్టం సంగతి. 1871లో ఉత్తరాదిన మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. తప్పు చేసినవాడికే శిక్ష అన్నది లిబరల్ న్యాయానికి పునాది. ఎరుకల ఇంట్లో పుట్టడమే తప్పని రాసిన చట్టం ఆ పునాదినే పెకలించింది. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో వాళ్ల కోసం సెటిల్‌మెంటు కూడా నడిపారు. ఊళ్లో మనవాళ్లు ఎంతమంది దీన్ని తప్పుపట్టారు? చాలా తక్కువ. ఇందులో తెల్లవాణ్ణి ఒక్కణ్ణే అంటే మనకే నవ్వొస్తుంది.

ఇంకో మెలిక సీమకే ప్రత్యేకం. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న ఉద్యమం ఊపందుకునేసరికి, తెల్లవాడు పోయాక కోస్తావాళ్ల కింద పడతామేమోనన్న టెన్షన్ ఇక్కడ మొదలైంది. చదువులో, ఉద్యోగాల్లో, నీటిలో వాళ్లు ముందున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా వాల్తేరులోనే స్థిరపడింది. సంఖ్య ఎక్కువున్నవాళ్ల పెత్తనం కూడా నిరంకుశత్వమే కావచ్చని గట్టిగా హెచ్చరించినవారిలో మళ్లీ ఆ మిల్లే ముందుంటాడు. మనల్ని మైనరు పిల్లల జాబితాలో వేసిన మనిషి వాదనే అనంతపురం, కడప నాయకులకు తెలిసో తెలియకో పనికొచ్చింది.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో ఒప్పందం కుదిరింది. సీమ తరఫున కూర్చున్నవారిలో కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు ఉన్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా తుంగభద్ర నీళ్లలో ముందు వాటా, శాసనసభలో జనాభాను మాత్రమే చూడకుండా జిల్లాలకు సమానంగా సీట్లు, రాజధాని హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే వీలు. ఇవన్నీ సంఖ్యాబలం ముందు నోరు పోకుండా రాయించుకున్న షరతులు. 1953 అక్టోబరులో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. మూడేళ్లు తిరిగేసరికి రెండూ హైదరాబాదు చేరాయి. నీళ్ల షరతు మీద వాదన మాత్రం ఇప్పటికీ నడుస్తోంది, అందులో రెండువైపులా ఉన్నది మనవాళ్లే.